పొట్టి తుపాకి, పెద్ద పేర్లు

పోయిన వేసవి సెలవుల్లో బెల్లంపల్లిలో కొత్తగా రాస్తున్న పిల్లలతో మేం కొందరం కూర్చుని రెండు రోజులు కథలు చదువుకున్నాం. డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు, ఒకప్పుడు నా తరగతిలో మూడో బెంచీ మీద కూర్చున్నవాడే, తన కథ చదివాడు. బొగ్గుబాయి కార్మికులకు వడ్డీకి డబ్బులు తిప్పే ఒకడి కథ. బాయి వాతావరణాన్ని బాగా పట్టుకున్నాడు. షిఫ్టు కూత, దీపాల గదిముందు వరస, జీతాల రోజున గేటు బయట చేతులు కట్టుకుని నిలబడే అప్పులవాళ్ళు, నాగా పెట్టినవాడి భార్య ముఖం, అన్నీ కళ్ళకు కట్టాయి. చివర్లో ఆ వడ్డీ వ్యాపారి నడుములోంచి 'సైలెన్సర్ బిగించిన పాయింట్ థర్టీ ఎయిట్ స్నబ్‌నోస్ రివాల్వర్' తీస్తాడు. దాని 'సేఫ్టీ క్యాచ్' తప్పిస్తాడు. పేలుస్తాడు. కథ అయిపోతుంది.

"ఆ తుపాకిని ఎక్కడ చూసినవ్‌రా?" అని అడిగాను.

"చూడలే సార్. రివాల్వర్ వస్తె కథకు ఊపొస్తది గద."

"మన దగ్గర అసొంటోనికి దొరికితే తపంచా దొరుకుతది. తపంచా అని రాయకపోయినవా?"

కాసేపు తల వంచుకుని, "తపంచా అంటె చిల్లరగ ఉంటది సార్" అన్నాడు.

ఆ 'చిల్లరగ' అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ కుర్రవాడి తాతా తండ్రీ బాయిలో దిగినవాళ్ళే. తన వాడకట్టులో పుట్టి పెరిగిన మాట చిల్లరదనీ, అమెరికా పోలీసు అధికారుల జేబులోంచి రాలిన మాట గంభీరమైనదనీ అతనికి ఎవరు నేర్పారు? తెలుగు పాఠాలు చెప్పే నాకూ అందులో వాటా ఉండే ఉంటుంది. ఒక వస్తువు చరిత్ర తెలియకుండా దాన్ని కథలో పెట్టినప్పుడు వస్తువు ఒక్కటే రాదు, దాని యజమాని చూపు కూడా వెంట వస్తుంది. అందుకని ఈ చప్పిడిముక్కు తుపాకి చరిత్రను కొంత తవ్వి చూశాను. తుపాకుల మీద మోజుతో కాదని వేరే చెప్పనక్కరలేదు. నేను జీవితంలో పట్టుకున్న ఒకే ఒక తుపాకి ఎన్.సి.సి. వాళ్ళది, అదీ గుండు లేనిది.

రివాల్వరు అంటే తిరిగేది. గొట్టం వెనక ఐదారు గదుల చక్రం ఒకటి ఉంటుంది. ఒక్కో పేలుడుకు ఒక్కో గది తిరిగి గొట్టానికి ఎదురుగా వస్తుంది. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో దీనికి పేటెంటు పొందాడు. తొలినాళ్ళలో ఇది పొడుగాటి ఆయుధం. రౌతు నడుముకు వేలాడుతూ, ఊరందరికీ కనిపిస్తూ ఉండేది. కనిపించడమే దాని పనిలో సగం. పొట్టి గొట్టం అవసరం పట్టణంతో, కోటు జేబుతో వచ్చింది. గుంపులో నడిచే మనిషి తన దగ్గర ఆయుధముందని ఎదుటివాడికి తెలియనివ్వకూడదు. అదొక కొత్త అవసరం. ఇంగ్లండులో వెబ్లీ కంపెనీ 1872లో 'బ్రిటిష్ బుల్‌డాగ్' అనే పేరుతో రెండున్నర అంగుళాల గొట్టం ఉన్న రివాల్వరును అమ్మకానికి పెడితే, బెల్జియం నుంచి అమెరికా దాకా దానికి నకళ్ళు పుట్టాయి. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ మీద కాల్పులు జరిగింది ఈ బుల్‌డాగ్ రకంతోనే. అంతకు ముందు 1865 ఏప్రిల్ 14న లింకన్‌ను బలిగొన్నది ఇంకా చిన్నది, ఒక్క గుండు పిస్తోలు. దాన్ని తయారుచేసినవాడు హెన్రీ డెరింజర్. అతని పేరే, ఇంగ్లీషు వర్ణక్రమంలో ఒక అక్షరం అదనంగా చేర్చుకుని, అరచేతిలో ఇమిడే పిస్తోళ్ళన్నిటికీ జాతివాచకమైపోయింది. సంజ్ఞావాచకం జాతివాచకం కావడానికి పిల్లలకు ఎప్పుడూ డాల్డాను ఉదాహరణగా చెబుతుంటాను. ఇదొకటి కూడా చెప్పవచ్చు, కాని బడిలో చెప్పబుద్ధి కాదు.

మనం సినిమాల్లో చూసే పొట్టి రివాల్వరు అసలు రూపం 1927లో వచ్చింది. కోల్ట్ కంపెనీ రెండంగుళాల గొట్టంతో, ఆరు గుళ్ళతో తయారుచేసి దానికి 'డిటెక్టివ్ స్పెషల్' అని పేరు పెట్టింది. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఒక గది తగ్గించి, ఐదు గుళ్ళతో ఇంకా చిన్నది చేసింది. దాన్ని కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన పోలీసు అధిపతుల మహాసభలో ప్రదర్శించింది. దానికి 'చీఫ్స్ స్పెషల్' అన్న పేరు అక్కడే స్థిరపడింది. 1955లో అదే కంపెనీ సుత్తి బయటికి కనిపించకుండా కప్పేసి మరొకటి తెచ్చింది. జేబులోంచి తీసేటప్పుడు సుత్తి కొన బట్టకు తగులుకోకుండా ఉండాలని ఆ ఏర్పాటు. దాని పేరు 'బాడీగార్డ్'.

ఇవి అంతగా చెల్లుబాటు కావడానికి కారణం సూటిగానే ఉంది. తేలిక, జేబులో ఇముడుతుంది, విధుల్లో లేని పోలీసు కూడా చొక్కా కింద పెట్టుకోవచ్చు. అందుకు చెల్లించే ధర కూడా ఉంది. గొట్టం పొట్టి కాబట్టి గురి నిలవదు, చెయ్యి అదురుతుంది, నాలుగడుగులు దాటితే నమ్మకం లేదు. దూరం నుంచి పోరాడే ఆయుధం కాదిది. మాట్లాడుకునేంత దగ్గరలో నిలబడ్డ మనిషి మీద వాడేది. సాహిత్యకారుడికి ఈ తుపాకి గురించి తెలియవలసిన సాంకేతిక విషయం ఏదైనా ఉంటే ఇదొక్కటే. దీన్ని కథలో పెడితే ఇద్దరు మనుషుల్ని ముఖాముఖి నిలబెట్టక తప్పదు. ఆ ముఖాలు రాయలేనివాడే తుపాకి మోడల్ నంబరు రాస్తాడు.

ఆ పేర్లను మరొకసారి చూడండి. డిటెక్టివ్, చీఫ్, బాడీగార్డ్. సరుకు పేరులోనే కొనుగోలుదారు వర్గం ఉంది. మరి అదే దేశంలో అంతే పొట్టి తుపాకి, నాసిరకం లోహంతో చేసినది, పేదల వాడల్లో నల్లజాతి మనుషుల చేతుల్లో కనబడితే దాని పేరేమిటి? 'సాటర్‌డే నైట్ స్పెషల్'. అంటే శనివారం రాత్రి తాగి కొట్టుకునేవాళ్ళ తుపాకి. 1968లో అక్కడ తెచ్చిన తుపాకుల చట్టం విదేశాల నుంచి వచ్చే చవకబారు చిన్న తుపాకుల దిగుమతిని అడ్డుకుంది. 'చీఫ్స్ స్పెషల్' మాత్రం అద్దాల బీరువాలో ఎక్కడిదక్కడే ఉంది. ప్రాణం తీయడంలో రెండింటికీ తేడా లేదు. తేడా అంతా ఎవరి మొలలో ఉందన్నదే. మా కుర్రవాడి 'చిల్లరగ' అన్న మాటకు మూలం ఇక్కడ దొరికిందనిపించింది.

ఆ 1968 సంవత్సరంలోనే ఫిబ్రవరి 1న సైగాన్ వీధిలో ఒక ఫొటో తీశారు. తీసినవాడు అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ ఎడ్డీ ఆడమ్స్. దక్షిణ వియత్నాం పోలీసు అధిపతి న్గుయెన్ న్గోక్ లోన్, చేతులు వెనక్కి కట్టేసిన ఒక బందీ తలకు చిన్న రివాల్వరు గురిపెట్టి కాలుస్తున్న ఫొటో. మన తరం దాన్ని పాత పత్రికల్లో, పుస్తకాల అట్టల మీద చూసింది. ఆ చేతిలో ఉన్నది స్మిత్ అండ్ వెస్సన్ 'బాడీగార్డ్' రకం. పేరుకు అంగరక్షకుడు, ఎదురుగా ఉన్నదేమో చేతులు కట్టిన దేహం. వియత్నాం మీద తెలుగులో ఎన్నో కవితలు వచ్చాయి. నేను చదివినంతలో వాటిలో తుపాకులన్నీ పెద్దవే, విమానాలు, ఫిరంగులు, నాపామ్ బాంబులు. ఈ చిన్నదాని పేరు ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఆ ఫొటోలో ఉన్న భయం ఆయుధం పరిమాణంలో లేదు, ఆ ఇద్దరి మధ్య ఉన్న చేరెడు దూరంలో ఉంది.

ఇక మన నేల మీదికి వద్దాం. ముందు మాటలు. మనకు తుపాకి, బందూకు, తపంచా ఉన్నాయి. పిస్తోలు, రివాల్వరు తర్వాత వచ్చి చేరాయి. తుపాకి మాటకు మూలం తుర్కీ, పారశీక భాషల్లో ఉంది. బందూకు అరబ్బీ మాట నుంచి వచ్చింది, దానికి మొదటి అర్థం ఒక గింజకాయ, తర్వాత గుండ్రటి గుండు. తపంచా లేక తమంచా కూడా తుర్కీ మాటే, ఈనాటికీ తుర్కీ దేశంలో చేతి తుపాకిని అలాంటి మాటతోనే పిలుస్తారు. అంటే మా కుర్రవాడికి చిల్లరగా తోచిన మాట కోల్ట్ పేటెంటు కన్నా ఎంతో పాతది. మన దగ్గర దాని అర్థం దిగజారి 'నాటుగా చేసిన దొంగ తుపాకి' అయింది. మాటలకు కూడా లైసెన్సులుంటాయి కాబోలు.

లైసెన్సు మాట వచ్చింది కనక ఒక సంగతి రచయితలందరూ గుర్తుంచుకోదగింది. 1878లో వైస్రాయి లిట్టన్ పాలనలో రెండు చట్టాలు వచ్చాయి. దేశభాషా పత్రికల చట్టం ఒకటి, ఆయుధాల చట్టం ఒకటి. మొదటిది ఇంగ్లీషు పత్రికల్ని వదిలేసి దేశభాషల పత్రికల మెడకే ఉచ్చు బిగించింది. రెండోది యూరోపియన్లను మినహాయించి దేశీయుడి చేతిలో ఆయుధానికి లైసెన్సు పెట్టింది. ఒకే ఏడాది, ఒకే చేత్తో, నోటికీ చేతికీ ముద్ర వేశారు. పత్రికల చట్టాన్ని 1882లో రిప్పన్ ఎత్తేశాడు. ఆయుధాల చట్టం మాత్రం స్వతంత్రం వచ్చాక కూడా కొనసాగి, 1959లో కొత్త చట్టం చేస్తే అది 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. మధ్యలో 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చారు. 1950 రాజ్యాంగంలో ఆ హక్కు లేదు. సభ జరుపుకునే హక్కు ఉంది, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా. ఈ మార్పు మంచిదేనని నా అభిప్రాయం. ప్రతి మొలలో ఒక తుపాకి ఉన్న దేశం ప్రజాస్వామ్యానికి ఎంత దగ్గరో అమెరికా బడుల్లో చచ్చిపోతున్న పిల్లలు చెబుతున్నారు. కాని నిరాయుధులైంది అందరూనా అన్నదే ప్రశ్న.

నిజాం రాజ్యం లిట్టన్ చట్టానికి బయట ఉంది. కాని ఇక్కడా ఊళ్ళో తుపాకి ఉన్నది గడిలోనే. దేశ్‌ముఖు ఇంటి గోడకు వేలాడేది, అరబ్బు రోహిల్లా కాపలాదారుల భుజాన ఉండేది. దాన్ని ఎవరూ దాచలేదు. దొర పల్లకీ ముందు, బండి ముందు అది నడిచేది. 1946 జులై 4న కడివెండిలో ఊరేగింపుగా వస్తున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖు మనుషులు కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపినప్పుడు, కాల్చింది ఎవరో ఊరందరికీ తెలుసు. అటు జనం చేతుల్లో గుత్పలు, వడిసెలలు, ఆడవాళ్ళ కొంగుల్లో కారప్పొడి. మా వైపు అడవుల్లో కొమురం భీం మనుషుల దగ్గర ఉన్నవి కూడా మందు దట్టించి పేల్చే పాత నాటు తుపాకులే. 1940లో జోడేఘాట్ మీదికి వచ్చిన సర్కారు బలగం దగ్గర ఉన్నవి వేరు. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల 1983లో వచ్చినప్పుడు మా ప్రాంతపు పాఠకులు దాన్ని తమ చరిత్రగా చదువుకోవడానికి ఒక కారణం, అందులోని మనుషులూ వాళ్ళ చేతుల్లోని పనిముట్లూ ఇక్కడివే కావడం.

కనిపించే తుపాకి మీద జనం కళ సృష్టించారు. పిట్టలదొరను తలచుకోండి. తుపాకి రాముడన్నా అతడే. చిరిగిన ఖాకీ కోటు, తలమీద టోపీ, భుజాన చెక్క తుపాకి. కోటలు దాటే కోతలు కోస్తూ వీధి వీధీ తిరుగుతాడు. దొరనీ, సాహెబునీ, పోలీసునీ ఒక్క చెక్కముక్కతో నవ్వులపాలు చేస్తాడు. మా చిన్నతనంలో లేబరు క్వార్టర్లకు వచ్చేవాడొకాయన, బాయిమీద మేనేజరు నడకను కూడా తన ఆటలో కలిపేసుకున్నాడు. దాచిన తుపాకి మీద మాత్రం ఇలాంటి కళ పుట్టలేదు. పుట్టే వీలు లేదు. కనిపించనిదాన్ని ఎలా అనుకరిస్తాడు? ఆ ఖాళీలోకే అద్దె పుస్తకాలు వచ్చాయి.

బజారు ఏరియాలో ఒక అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. రోజుకు అర్ధరూపాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు, మధుబాబు షాడో నవలలు, అట్టలు ఊడిపోయి, సూది దారంతో కుట్టినవి. నేనూ చదివాను, దాచుకోవలసిన పనిలేదు. రెండో షిఫ్టు నుంచి వచ్చిన కార్మికులు కిరసనాయిలు దీపం కింద చదివేవాళ్ళు. ఈ నవలలు చదివే అలవాటును పెంచాయి, అది చిన్న మేలు కాదు. డిటెక్టివ్ నవల అంటేనే చీదరించుకునే మన విమర్శకులు, ఆరుద్ర 'పలకల వెండి గ్లాసు' రాసినవాడే అన్నది మరిచిపోతారు. నా అభ్యంతరం వేరు. ఆ తరహా నవలల్లో తుపాకి గాలిలోంచి వస్తుంది. ఎవడు చేశాడు, ఎంతకు కొన్నాడు, లైసెన్సు ఎవరిచ్చారు అన్నవి ఉండవు. చట్టంలోనేమో .38, .455 చేతి తుపాకులు, 9 ఎం.ఎం. పిస్టళ్ళు సామాన్యుడికి నిషిద్ధం. నవలల్లో మాత్రం ప్రతి సందు చివరా అవే.

పైగా సైలెన్సరు ఒకటి. రివాల్వరుకు సైలెన్సరు పెద్దగా పనికిరాదు. తిరిగే చక్రానికీ గొట్టానికీ నడుమ సందు ఉంటుంది, చప్పుడు అక్కడి నుంచే తప్పించుకుంటుంది. ఆ సందును మూసుకునేలా తయారైన రష్యా నాగాన్ లాంటి అరుదైనవి తప్ప మిగిలినవాటికి అది అలంకారం. సేఫ్టీ క్యాచ్ కూడా మామూలుగా రివాల్వర్లకు ఉండదు, అది పిస్తోలు సొమ్ము. ఈ రెండు తప్పులూ నవల నుంచి నవలకూ, అక్కడి నుంచి సినిమాకూ, ఇప్పుడు మా కుర్రవాడి కథకూ వచ్చాయి. చూసి రాసినవాడు ఒక్కడు ఉన్నా ఈ గొలుసు ఎక్కడో తెగి ఉండేది.

ఇంగ్లీషులో ఒక ముచ్చట ఉంది. జేమ్స్ బాండ్ నవలలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్‌కు 1956లో జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే పాఠకుడు ఉత్తరం రాశాడు, మీ గూఢచారి చేతిలో పెట్టిన బెరెట్టా ఆడవాళ్ళ సంచీలో పెట్టుకునేది, అతని పనికి చాలదు అని. బదులుగా స్మిత్ అండ్ వెస్సన్ వారి సుత్తి కనిపించని పొట్టి రివాల్వరును సూచించాడు. రచయిత ఆ పాఠకుడి మాట గౌరవించి, 1958లో వచ్చిన 'డాక్టర్ నో' నవలలో తుపాకి మార్పించాడు. ఆ నవలల రాజకీయాలు మనకు ఆమోదం కావు, వలసపాలన పోయిన దుఃఖాన్ని సాహసంగా అమ్మిన పుస్తకాలవి. అయినా వస్తువు తప్పుగా ఉందని పాఠకుడు చెబితే దిద్దుకున్న ఆ రచయితను చూసి మనం, వాస్తవికత వాస్తవికత అని రోజూ జపించేవాళ్ళం, కొంత సిగ్గుపడవచ్చు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో నాకు పది పన్నెండేళ్ళు. రాత్రిపూట కాలనీ తోవల్లో మనుషుల్ని ఆపి సోదా చేసేవాళ్ళు. మా నాయన కోల్‌ఫిల్లరు. రెండో షిఫ్టు దిగి సైకిలు మీద వస్తుంటే ఒక రాత్రి ఆపారు. ఆయనకు తంబాకు అలవాటు. తంబాకూ సున్నమూ ఉండే రేకు డబ్బాను నడుము దగ్గర, పంచె మడతలో చెక్కుకునేవాడు. చొక్కా కింద ఎత్తుగా కనబడింది. "చెయ్యి తియ్యకు" అని ఎవరో అరిచారట. ఆయన అలవాటు కొద్దీ డబ్బా తీసి చూపించబోయాడు. ఆ క్షణంలో ఏమి జరగవలసి ఉందో, ఎందుకు జరగలేదో ఆయనకూ తెలియదు. కిందపడేసి మోకాలితో తొక్కిపెట్టి డబ్బా తీశారు. మూత తెరిచి, తంబాకు నేలమీద పారబోసి, పొమ్మన్నారు. ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. మర్నాడు అమ్మ చొక్కా ఉతుకుతూ అడిగితే చెప్పాడు. ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా ఆ డబ్బా నడుముకు పెట్టుకోలేదు. సైకిలు హ్యాండిలుకు సంచీలో, అందరికీ కనిపించేలా వేలాడదీసుకుని వచ్చేవాడు.

దాచిన ఆయుధం చరిత్రను ఆయుధం ఉన్నవాళ్ళ వైపు నుంచే రాస్తారు. ఏ కంపెనీ, ఎన్ని అంగుళాలు, ఎన్ని గుళ్ళు. దాని రెండో సగం ఆయుధం లేనివాళ్ళ నడుముల మీద నడిచింది. దాచిన తుపాకి ఉందన్న అనుమానం ఒక్కటి చాలు, ఊరిలోని ప్రతి నడుమూ తడమబడుతుంది. తంబాకు డబ్బా, టిఫిను గిన్నె, బాలింత తెచ్చుకున్న మందుసీసా, అన్నీ నేరస్థులే. నాకు తెలిసిన తెలుగు కథల్లో తుపాకి తీసే చేతులు ఎన్నో ఉన్నాయి. తీయడానికి ఏమీ లేక పైకి లేచిన చేతులు అన్ని లేవు.

ఆ ఇరవై ఏళ్ళలోనే మన పత్రికల భాషలో ఒక పదబంధం స్థిరపడింది: 'గుర్తుతెలియని వ్యక్తులు'. కడివెండిలో కాల్చినవాడి పేరు ఊరికి తెలుసు. తర్వాత కాలంలో మామూలు బట్టల్లో వచ్చి, మాట్లాడేంత దగ్గరికి వచ్చి, కాల్చి వెళ్ళినవాళ్ళకు పేరు లేదు. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల డాక్టరు, పౌరహక్కుల నాయకుడు రామనాథంను ఆయన ఆసుపత్రిలోనే కాల్చి చంపారు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ ఇంటికి వచ్చినవాళ్ళు ఆయన మీద కాల్పులు జరిపారు. ఆయన బతికాడు, కాని ఒక గుండును వెన్నులోంచి తీయలేకపోయారు. 2023 ఆగస్టు 6న కన్నుమూసేదాకా ఆ గుండుతోనే పాడాడు, ఆడాడు. నా విద్యార్థులకు ఆయన పాటలు తెలుసు. ఆ పాట పాడే దేహంలో ఇరవై ఆరేళ్ళు సీసపు ముక్క ఉందని చెబితే నమ్మలేనట్టు చూస్తారు.

ఒక వైపే చెబితే అది చరిత్ర కాదు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు సంజీవరెడ్డినగర్ కూడలిలో, అంతకు ముందు కరీంనగర్‌లో ఎస్పీగా పనిచేసిన ఉమేశ్‌చంద్రను చంపినది పీపుల్స్ వార్ యాక్షన్ టీం. అక్కడా ఆయుధాలు మామూలు చొక్కాల కిందే వచ్చాయి. అడవిలో భుజం మీద కనిపించే తుపాకి నగరంలోకి వచ్చేసరికి పొట్టిదై మొలలో దూరింది. దాంతో పాటు రాజకీయం కూడా కురచయిందని నేననుకుంటాను. మిత్రులు కొందరు ఒప్పుకోరు, వాళ్ళతో వాదన ఇంకా నడుస్తోంది. వాక్యనిర్మాణంలో మాత్రం ఒక తేడా కనిపిస్తుంది. ఒక రకం హత్యల్లో కర్త ప్రకటన చేసి మరీ ముందుకు వస్తాడు. మరో రకంలో కర్తను ఎప్పటికీ వాక్యంలోకి రానివ్వరు. 'కాల్చబడ్డాడు' అన్న కర్మణి వాక్యం తెలుగుకు సహజం కాదని నేను పాఠంలో చెబుతాను. ఆ ఇరవై ఏళ్ళ పత్రికలు తిరగేస్తే అది ఎందుకు సహజమైపోయిందో అర్థమవుతుంది.

చివరగా ఈ పొట్టి తుపాకికి మన ప్రభుత్వమే పెట్టిన పేరు ఒకటి ఉంది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఆ అమ్మాయి మీద జరిగిన ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమంటూ ఒక చిన్న .32 రివాల్వరును విడుదల చేసింది. అరకిలో బరువు, ఆరు గుళ్ళు, నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి ఇస్తారు. పేరు 'నిర్భీక్'. పత్రికలు నిర్భయ అని పిలిచిన ఆ అమ్మాయి పేరుకు ప్రతిధ్వనిగా పెట్టిన పేరు. విడుదలైనప్పుడు ధర 1,22,360 రూపాయలు. ఆ పైన లైసెన్సు. రాత్రి బస్సులో పోయే అమ్మాయిలలో ఎందరు ఆ డబ్బు పెట్టగలరు? మా బెల్లంపల్లిలో బీడీలు చుట్టే ఆడవాళ్ళూ, మంచిర్యాలలో బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేసి తొమ్మిది గంటల బండికి దిగే ఆడపిల్లలూ ఆ పెట్టెను ఫొటోలో చూడవలసిందే. డిటెక్టివ్, చీఫ్, బాడీగార్డ్ అన్న వరసలో నిర్భీక్ కూడా చేరింది. చచ్చిపోయిన పిల్ల పేరు మీద, బతికున్న పిల్లలు కొనలేని వస్తువు.

ఈ సంగతులన్నీ ఆ కుర్రవాడికి ఒక్కసారిగా చెప్పలేదు. చెబితే కథ మానేసి వ్యాసం రాస్తాడని భయం, ఆ రోగం నాకొక్కడికి చాలు. మా నాయన తంబాకు డబ్బా సంగతి మాత్రం చెప్పాను. తనూ వాళ్ళ తాతను అడిగి వచ్చి, వాళ్ళ తాతకూ అలాంటిదే జరిగిందనీ, డబ్బా కాదు మందుల పొట్లమనీ చెప్పాడు. నెల రోజుల తర్వాత కథ తిరగరాసి తెచ్చాడు. అందులో వడ్డీ వ్యాపారి మొదటి పేజీ నుంచీ ఎడమ చెయ్యి చొక్కా కిందే పెట్టుకుని మాట్లాడతాడు. అప్పు తీసుకున్న ఫిల్లరు ఆ చెయ్యి వైపే చూస్తూ ఉంటాడు. ఊళ్ళో అందరూ అది తపంచా అంటారు, ఎవరూ చూసినవాళ్ళు లేరు. పాత కథ కన్నా రెండు పేజీలు తక్కువ, పది రెట్లు నయం. చివర్లో మాత్రం ఆ తపంచాకు కూడా ఒక సైలెన్సరు బిగించాడు. దాని గురించి వచ్చే ఆదివారం కూర్చోవాలి.